రీడ్‌మీలో ఒక పదం మార్చడమేనా ఓపెన్ సోర్స్ అంటే?

నెల్లూరు, కావలి, ఒంగోలు ఇంజనీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. ‘ఏదైనా పెద్ద ప్రాజెక్టు ఫోర్క్ చెయ్యి, రీడ్‌మీలో ఒక పదం మార్చు, పుల్ రిక్వెస్ట్ పెట్టు. పది నిమిషాల పని. ప్రొఫైల్ పచ్చగా కనిపిస్తుంది. రెండ్రోజుల్లో జవాబు రాకపోతే అందర్నీ ట్యాగ్ చెయ్యి. కోడ్ రాకపోతే ఏఐతో రాయించు.’ (ఫోర్క్ అంటే గిట్‌హబ్ సైట్‌లో ఆ ప్రాజెక్టుకు మీ సొంత కాపీ. రీడ్‌మీ దాని పరిచయ ఫైలు. పుల్ రిక్వెస్ట్ అంటే మీ మార్పును అసలు ప్రాజెక్టులో కలపమని అడగడం.) ఈ సలహాలో నమ్మదగ్గది దాదాపు ఏమీ లేదు.

‘ఒక పదం మార్చు.’ నిజంగా తప్పుంటే దిద్దండి, సంతోషంగా తీసుకుంటారు. తప్పు లేనిచోట వేలు పెట్టడమే సమస్య. ఓపెన్ సోర్స్‌కు పని చేసినవాళ్లకు టీషర్టు ఇస్తూ 2014లో మొదలైన హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో ఆ టీషర్టు కోసమే ఇలాంటివి గుట్టలుగా వచ్చిపడ్డాయి. చివరికి 2020లో, ముందే ఒప్పుకున్న ప్రాజెక్టుల్లో చేసిన పనే లెక్కలోకి వచ్చేలా నిబంధన మార్చాల్సి వచ్చింది. వచ్చిన ప్రతి రిక్వెస్టునూ ఒక మనిషి కూర్చుని చదవాలి, అలా చదివేవాళ్లలో చాలామందికి పైసా రాదు.

‘పది నిమిషాల పని.’ రిపో, అంటే ప్రాజెక్టు ఫైళ్లు, వాటి మార్పుల చరిత్ర, దించుకోవడానికే అది చాలకపోవచ్చు. దాన్ని దించే గిట్ క్లోన్ కమాండు మధ్యలో తెగితే మళ్లీ మొదటి నుంచే దిగాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసే ఊళ్లలో ఇదే మొదటి అడ్డంకి. ఆ కమాండుకు ‘--depth 1’ పెడితే త్వరగా దిగుతుంది కానీ పాత చరిత్ర రాదు. ఏ లైను ఎప్పుడు ఎందుకు వచ్చిందో గిట్ బ్లేమ్ కమాండు చెప్పలేకపోతుంది, బగ్ ఏ మార్పుతో వచ్చిందో కనిపెట్టే గిట్ బైసెక్ట్‌కు వెతకడానికి కమిట్లే (భద్రపరిచిన మార్పులే) ఉండవు. దాని బదులు ‘--filter=blob:none’ ఇవ్వండి. కమిట్ల చరిత్ర అంతా వస్తుంది, పాత ఫైళ్లు అవసరమైనప్పుడే దిగుతాయి.

తర్వాత, మార్పులు ఎలా పంపాలో చెప్పే కంట్రిబ్యూటింగ్ ఫైలు చదవండి. ఏమీ మార్చకముందే బిల్డ్ చేసి టెస్టులు నడపండి. అప్పటికే ఫెయిలవుతున్నవి రాసిపెట్టుకోకపోతే, ఆ తర్వాత తప్పు మీదో పాతదో తేలదు. వేరే బ్రాంచ్‌లో (కోడ్‌కు విడిగా పెట్టుకున్న శాఖలో) పని చేసి, కమిట్‌కు ముందు ఎన్ని లైన్లు మారాయో చెప్పే ‘git diff --stat’ చూడండి. మూడు లైన్లు మారిస్తే ఆరొందలు చూపిస్తోందా? ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు ఫైలంతా ఫార్మాట్ చేసి ఉంటుంది, లేదా విండోస్‌లో లైన్ ఎండింగులు (లైను ముగిసిందని చెప్పే కనిపించని గుర్తులు) మారి ఉంటాయి. ఆ చెత్తతో పంపితే అసలు మార్పు ఎక్కడుందో రివ్యూ చేసేవాళ్లకు కనపడదు.

‘ప్రొఫైల్ పచ్చగా కనిపిస్తుంది.’ మీరు చేసిన కమిట్లను లెక్కపెట్టి గిట్‌హబ్ ఆ పచ్చ గళ్లు చూపిస్తుంది, కానీ ఫోర్క్‌లో ఉండిపోయినవాటిని లెక్కపెట్టదు. గిట్ కాన్ఫిగ్‌లోని ఈమెయిల్ మీ అకౌంట్‌కు జతచేసి లేకపోతే, మెర్జ్ అయిన (అసలు ప్రాజెక్టులో కలిసిన) కమిట్ కూడా మీ పేరున పడదు.

‘రెండ్రోజులకు ట్యాగ్ చెయ్యి.’ వద్దు. లైనక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్ కనీసం వారం ఆగమంటుంది. కొత్తవాళ్లు పంపినదానికి మెయింటైనర్ (ప్రాజెక్టును చూసుకునే వ్యక్తి) అనుమతి ఇచ్చేదాకా, టెస్టులు వాటంతటవే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ నడవకపోవచ్చు, దాన్ని ఫెయిల్ అనుకుని కంగారుపడొద్దు.

‘ఏఐతో రాయించు.’ జెంటూ అనే లైనక్స్ ప్రాజెక్టు 2024లోనే అలాంటి కోడ్‌ను నిషేధించింది. నిషేధం లేనిచోట కూడా ‘ఈ చెక్ ఇక్కడెందుకు?’ అని అడిగితే జవాబు మీరే చెప్పాలి.

ఈ సలహా వెనకున్న, అసలు మన దగ్గర ఇవ్వడానికేమీ లేదన్న ఊహే తప్పు. ‘నెల్లూరు’ అన్న పేరునే తీసుకోండి. కంటికి మూడక్షరాలు, అన్ని లిపులకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో 8 కోడ్ పాయింట్లు (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు దేనికది ఒక నంబరు), వాటిని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 24 బైట్లు. టైటిల్‌ను 10 బైట్ల దగ్గర కత్తిరించే ప్రోగ్రాంలో ఈ పేరు పెడితే మొదటి మూడు కోడ్ పాయింట్లు నిలుస్తాయి, నాలుగోది మధ్యలో తెగి ప్రశ్నార్థకమున్న నల్ల డైమండు గుర్తు వస్తుంది. కోడ్ పాయింట్లు లెక్కించి నాలుగు దగ్గర కోస్తే ‘నెల్’ మిగులుతుంది, ఒత్తు పోతుంది. కోయాల్సింది గ్రాఫీమ్ క్లస్టర్ (కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరం) హద్దు దగ్గర. తెలుగు ఒత్తులను విడదీయకూడదన్న నియమం యూనికోడ్ 15.1లో, 2023లో చేరింది. ప్రాజెక్టు వాడే లైబ్రరీ అంతకన్నా పాతదైతే ‘ల్లూ’ ఇంకా రెండుగా తెగుతుంది.

ఇంగ్లిష్‌తోనే పరీక్షించేవాళ్లకు ఈ బగ్ ఎప్పటికీ తగలదు, తెలుగు టైప్ చేసేవాళ్లకు తగులుతుంది. వెర్షన్, ఇచ్చిన టెక్స్ట్, రావాల్సింది, వచ్చింది: ఈ నాలుగూ రాసి ప్రాజెక్టు పేజీలో ఇష్యూ (లోపం గురించిన ఫిర్యాదు) తెరవండి. ముందుగా ఫెయిలయ్యే టెస్టు రాయండి, తర్వాత దాన్ని పాస్ చేయించే మార్పు చేయండి. రెండూ ఒకే పుల్ రిక్వెస్టులో, ఇష్యూ నంబరుతో పంపండి.