కొత్త అల్లుడు గ్రాఫిక్స్ కార్డు గారికి

కంప్యూటర్ ఆటల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు, మహారాజశ్రీ ఆర్‌టీఎక్స్ 5090 గారి దివ్య సముఖమునకు, సికింద్రాబాద్ నుంచి ఒక గేమర్ కుర్రాడి తండ్రి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు ఎన్విడియా కంపెనీ వారింట 2025 జనవరిలో అవతరించారు. అప్పట్నుంచి మావాడు కంచం ముందు కూర్చున్నా తమరి వేగాన్ని కొలిచే బెంచ్‌మార్కుల వీడియోలే చూస్తున్నాడు. విడుదలప్పుడు అమెరికాలో తమరి ధర 1,999 డాలర్లట. ఇక్కడ అప్పుడు కంపెనీ చెప్పిన రేటే 2,14,000 రూపాయలు. షాపులో ఆ రేటు అడిగితే కౌంటర్ దగ్గర కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు.

పోనీ, కట్నం సర్దామే అనుకోండి. లాంఛనాలు ఆగుతాయా? తమరొక్కరే 575 వాట్లు తాగుతారు కనుక 1000 వాట్ల పవర్ సప్లై కావాలి. మా ఇంట్లో ఉన్నది 650. కాళ్లు చాపుకోవడానికి పెద్ద క్యాబినెట్. బరువుకి ఒరిగిపోకుండా కింద సపోర్ట్ బ్రాకెట్. మే నెలలో తమరు వదిలే వేడికి గదిలో ఏసీ. ఇన్ని మర్యాదలూ చేసి కూర్చోబెట్టేది 1080పీ, 60 హెర్ట్జ్ మానిటర్ ముందు! తమరు సెకనుకి 300 ఫ్రేములు, అంటే బొమ్మలు, గీసినా అది చూపించేది అరవయ్యే.

తమరి తమ్ముడు 5070 గారి గొప్పలూ విన్నాం. 549 డాలర్లకే పాత తరం పెద్దాయన 4090 అంత పనితనం అని ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ గారు లాస్ వేగాస్ వేదిక మీద సెలవిచ్చారు. తీరా చూస్తే నాలుగు ఫ్రేముల్లో నిజంగా గీసేది ఒకటి, మిగతా మూడూ ఏఐ ఊహించి పూరించేవి. ఆఫీసులో నేనూ ఒక ఫైలు చదివి మూడు ఊహించి సంతకాలు పెట్టేస్తే ప్రమోషన్ ఇస్తారా? బొమ్మ నున్నగా కదులుతుంది, కాదనను. మౌస్ నొక్కాక తూటా పేలే వేగం మాత్రం ఆ ఒక్క అసలు ఫ్రేమునే బట్టి ఉంటుంది.

ఇక పేర్లు. 2022లో తమరి కంపెనీ వారు 4080 పేరుతో 12 జీబీ మెమరీ సంబంధం ఒకటి తెచ్చారు. పేరు పెద్దది, పనితనం చిన్నదని ఊరంతా తిట్టేసరికి రద్దు చేసుకుని, జనవరికల్లా 4070 టీఐ అని పేరు మార్చి మళ్లీ పెళ్లిచూపులకు పంపారు. ఇప్పుడు 5060 టీఐ పేరుతో ఇద్దరున్నారు: ఒకరికి 8 జీబీ మెమరీ, ఇంకొకరికి 16. విడుదలప్పుడు అమెరికాలో ధరలో తేడా 50 డాలర్లు. ఆటలో టెక్స్చర్లు (వస్తువుల మీది నగిషీ బొమ్మలు) అల్ట్రాలో, అంటే అత్యధిక నాణ్యతలో, పెట్టిన రోజున 8 జీబీ వారి అసలు గుణం బయటపడుతుంది.

అందుకని 16 జీబీ ఆయన్నే ఖాయం చేసుకున్నాం. 180 వాట్లతో సరిపెట్టుకుంటాడు, ఉన్న పవర్ సప్లై చాలు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఇంకా స్పష్టంగా చూపే 1440పీ మానిటర్ కొంటున్నాం. తమరు క్షమించాలి.

ఇట్లు,
కాబోయి కాలేకపోయిన మామ

తా.క.: 2022లో తమరి అన్నగారు 4090 వేంచేసిన కొన్ని ఇళ్లల్లో కార్డుకి కరెంటు అందించే 16 పిన్నుల ప్లగ్గు కరిగిపోయింది. ప్లగ్గు పూర్తిగా దూర్చకపోవడం వల్లేనని కంపెనీ వారన్నారు. తమరు ఏ ఇంట అడుగుపెట్టినా, టక్కుమనేదాకా నొక్కమని ఆ మామగారికి ముందే చెప్పండి.