కౌంటీ మ్యాప్‌లో గీత చూసి కంచె వేస్తారా?

టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇళ్లు కొనే సీజన్ రాగానే ఒక మెసేజ్ తిరుగుతుంది. "సర్వేకి డబ్బులు దండగ. అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసు) సైట్‌లో అడ్రస్ కొడితే హద్దులు, ఓనర్ పేరు, ఇంటి ధర అన్నీ ఫ్రీగా వస్తాయి. అక్కడ పేరుండి పన్ను కడుతుంటే ఆస్తి మీదే" అని. మొన్న మా బావగారూ పంపారు. ఆయన అప్పుడే కంచె వేయించే పనిలో ఉన్నారు కాబట్టి ఊరుకోలేకపోయాను.

ముందు హద్దుల సంగతి. బావగారు ఆ సైట్‌లో మ్యాప్ తెరిచి ఏరియల్ ఫొటో ఆన్ చేస్తే, గీత పక్కింటివాళ్ల గ్యారేజ్ కప్పు మీదుగా పోతోంది. "అంటే నాలుగడుగులు మన జాగాలోకి వచ్చేశారన్నమాట" అని ఆయనకు ఒకటే టెన్షన్. ఆ గీతలు ప్లాట్‌లలోనూ (అంటే లేఅవుట్ నక్షాలు), దస్తావేజుల్లోనూ ఉన్న కొలతలు చూసి ఆఫీసులో కూర్చుని కంప్యూటర్లో గీసినవి. కింద ఫొటో విమానం నుంచి తీసింది. కప్పు ఎత్తులో ఉంటుంది కాబట్టి ఫొటోలో ఒక పక్కకి ఒరిగినట్టు పడుతుంది. ఒకదాని మీద ఒకటి పెడితే కొన్ని అడుగుల తేడా రావడంలో వింతేం లేదు. నేల మీద సర్వే చేయకుండా గీసిన ప్రభుత్వ మ్యాపులో హద్దులు కనిపిస్తుంటే, అవి సుమారుగా చూపించినవేనని నోటీసు పెట్టి తీరాలని టెక్సస్ చట్టమే చెబుతోంది. మ్యాప్ తెరవగానే వచ్చే ఆ బాక్సుని మనమంతా చదవకుండా ఓకే నొక్కేస్తాం.

అసలు హద్దు గడ్డి కింద ఉంటుంది. సర్వేయర్ వచ్చి మెటల్ డిటెక్టర్ తిప్పితే, బావగారి పెరటి మూలలో బెత్తెడు మట్టి కింద దొరికింది: అరంగుళం ఇనుప రాడ్, తల మీద పసుపు ప్లాస్టిక్ టోపీ, దాని మీద సర్వే చేసినవాళ్ల పేరు. మన ఊళ్లో హద్దురాయి ఎలాగో ఇక్కడ అది అలాగ. పక్కింటి గ్యారేజ్ గోడ దానికి అవతల ఐదడుగుల దూరాన బుద్ధిగా నిలబడి ఉంది.

కొనేటప్పుడు డబ్బు మిగలాలంటే వేరే దారి ఉంది. అమ్మేవాళ్లు తమ పాత సర్వే ఇచ్చి, ఆ తర్వాత ఏవేం మారాయో, అసలేమీ మారలేదో టీ-47 అఫిడవిట్ అనే ప్రమాణపత్రంలో రాసిస్తే టైటిల్ కంపెనీ (ఆస్తి హక్కు పరిశీలించి బీమా ఇచ్చేది), లోనిచ్చే బ్యాంకు చాలాసార్లు ఒప్పుకుంటాయి.

పేరు సంగతికొస్తే, అప్రైజల్ డిస్ట్రిక్ట్ పని పన్ను కోసం విలువ కట్టడం. డీడ్, అంటే దస్తావేజు, రికార్డయ్యేది కౌంటీ క్లర్క్ దగ్గర. అక్కడ రికార్డయ్యాక ఈ సైట్‌లో పేరు మారడానికి వారాలు పట్టొచ్చు. స్థలం మీదున్న అప్పులు, కరెంటు లైనుకో డ్రైనేజీకో వదలాల్సిన ఈజ్‌మెంట్లు తెలుసుకోవాలంటే ఈ పేజీ చాలదు. మన సుప్రీంకోర్టు కూడా ఎన్నోసార్లు చెప్పిన మాటే: రెవెన్యూ రికార్డుల్లో పేరు శిస్తు కోసం, దానివల్ల హక్కు పుట్టదు. పాస్‌బుక్‌లో పేరు చూసుకుని మురిసిపోయే అలవాటు మనతోపాటే విమానమెక్కి వచ్చినట్టుంది.

పన్ను కడితే మనదైపోతుందా? టెక్సస్‌లో స్థలాన్ని ఆక్రమించి ఉన్నవాళ్లకి హక్కు వచ్చే ఐదేళ్ల రూల్ ఒకటుంది. అందులో కూడా పన్నుతోపాటు ఆ స్థలాన్ని వాడుతూ ఉండాలి, రికార్డయిన డీడూ ఉండాలి.

ఇక ధర. సైట్‌లో కనిపించేది ఆ ఏడాది జనవరి 1 నాటి లెక్క. అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పి తీరాలన్న నియమం టెక్సస్‌లో లేదు, కాబట్టి పక్కిల్లు ఎంతకు పోయిందో అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కీ చాలాసార్లు అంచనాయే. హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉంటున్న ఇంటికిచ్చే పన్ను రాయితీ) ఉన్న ఇంటికి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు (కొత్తగా కట్టింది ఏమైనా ఉంటే దాని లెక్క వేరు). అందుకే పదేళ్లుగా ఉంటున్నవాళ్ల పేజీలో మార్కెట్ విలువ ఒకటి, పన్ను విలువ ఒకటి ఉంటాయి. చిన్న అంకె పట్టుకుని బేరమాడితే అమ్మేవాళ్లు నవ్వుతారు.

ఆ సైట్ పనికిరాదని అనను. అందులో లాట్, బ్లాక్ నంబర్లు ఉంటాయి. వాటితో కౌంటీ క్లర్క్ దగ్గర అసలు ప్లాట్, డీడ్ వెతుక్కోవచ్చు. మామూలు కాపీ పేజీకి 1 డాలర్. ఇల్లు కొన్న నెలలోపే "మీ డీడ్ కాపీ తెప్పిస్తాం, 100 డాలర్లు పంపండి" అని సర్కారీ ఉత్తరంలా ఒకటి వస్తుంది. బావగారికి వచ్చింది కూడా. చించేయమన్నాను.