ఖాళీ అట్టపెట్టె గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అట్టపెట్టె గారి దివ్యసముఖమునకు,

కర్నూలు వన్‌టౌన్‌లో పాత వాచీలు బాగుచేసి, కొని, అమ్మి పొట్టపోసుకునే ఒక అంగడివాడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా చెదలు పట్టకుండా, నెమ్ము తగలకుండా, మూలలు నలగకుండా ఏ హైదరాబాదు బీరువాలోనో సుఖంగా ఉన్నారని తలుస్తాను. తమరి ఆరోగ్యం ఇప్పుడు మాకు చాలా ముఖ్యం. లోపలుండే వస్తువు ఎట్లుందని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా తగ్గిపోయినారు.

సంగతేందంటే, మొన్న నా దగ్గరికి ఒక హెచ్.ఎం.టి. జనతా వచ్చింది. కీ ఇచ్చే వాచీ, ఇరుసులు అరగకుండా పదిహేడు రాళ్ళు పొదిగిన మిషను. డయలు కొంచెం పసుపు తిరిగిందిగానీ అక్షరాలు అచ్చేసిననాటివే. వెనక మూత తీసి భూతద్దం పెట్టి చూస్తే స్క్రూల తలల మీద స్క్రూడ్రైవరు జారిన గీతలు లేవు. అంటే ఇన్నేండ్లలో లోపల చెయ్యి పెట్టినోళ్ళంతా పని తెలిసినోళ్ళన్నమాట. ఇట్లాంటిది దొరికినరోజు నాకు అన్నం సయించదు. ఫొటోలు తీసి అమ్మకానికి పెడితే గంటలోపల బెంగళూరు నుంచి ఫోను.

“బాక్సుందా అన్నా?”

“లేదు సార్. మిషను మాత్రం...”

“పేపర్లు?”

“లేవు సార్. కానీ డయలు చూడండి, ఒరిజినల్...”

“సరేన్నా, బాక్సుతో ఏదన్నా వస్తే చెప్పు.”

వాచీ నడుస్తుందా అని అడగలేదు. పెద్దమనుషులు చిన్నచిన్న విషయాలు అడగరు.

ఆ సారుకు నేనేం చెప్పేది? కర్నూల్లో తమరి వంశం 2009 అక్టోబరు రెండో తేదీన చాలామటుకు అంతరించిందని చెప్పాల్నా? ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చినాయి. మిద్దెలెక్కినోళ్ళు ఎక్కినారు, కింద ఇండ్లలో సామాన్లన్నీ మునిగినాయి. నీళ్ళు తీసినంక జనం బురద ఎత్తిపోసుకుంటా, దొరికిందల్లా అరుగుల మీద ఎండబెట్టినారు: టెన్తు సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు, అతుక్కుపోయిన పెండ్లి ఫొటోలు. వాచీలు మా అంగడికి వచ్చినాయి. మూత తీస్తే అద్దం కింద కూడా బురదే. విప్పి, పెట్రోలుతో కడిగి, సూదిమొనతో చుక్కచుక్క నూనె పెట్టి కూర్చినాం. కొన్ని బతికినాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. తమరి బంధువులు మాత్రం ముద్దలైపోయి చెత్తబండ్లెక్కినారు. అంత కష్టంలో కూడా అట్టపెట్టెలు ముందు ఎండబెట్టాలని మా ఊరి జనానికి తట్టలేదు. తమరు మన్నించాల.

మునగని ఇండ్లల్లోనైనా తమరు ఖాళీగా కూర్చున్నదెప్పుడు? 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీలు మొదలైన కాన్నుంచి, మా ఇండ్లల్లో అది పెండ్లిలో అల్లుడికి పెట్టే వాచీ. వాచీ అల్లుడి చేతికి పోయేది, పెట్టె అత్తగారి చేతికి పోయేది. అందులో సూదులు, దారపుండలు, తెగిన మాటీలు, బియ్యంకార్డు చీటీలు. పెట్టెను పారేసే అలవాటు మాకెన్నడూ లేదు, వాడకుండా దాచిపెట్టే అలవాటు అంతకన్నా లేదు. 2016లో ఆ వాచీల కంపెనీ మూతపడింది. అప్పుడు మొదలైంది తమరికి రాజయోగం. ఇప్పుడు బాక్సు, గ్యారంటీ కార్డు, దాని మీద షాపు ముద్ర, అన్నీ ఉంటే ‘ఫుల్ కిట్టు’. ఏదీ లేకుంటే ‘ఒట్టి వాచీ’. ఒట్టి వాచీ అంట! ఒట్టి పెట్టె అనేమాట మాత్రం ఎవరి నోటా రాదు.

తమరికింత గిరాకీ ఉంటే కవలలు పుట్టకుండా ఉంటారా? కొత్త అట్టకు పాత రంగు కొట్టి, మూలలు కాస్త అరగదీసి, తమరి నకళ్ళు దింపుతున్నారు. ఆ మధ్య ఒకాయన అట్లాంటి పెట్టెలో పెట్టి ఒక హెచ్.ఎం.టి. పైలట్ వాచీ తెచ్చినాడు. డయలు నిగనిగలాడతా ఉంది. భూతద్దం పెట్టినాను. నిమిషాల గీతలు ఒకపక్క లావు, ఒకపక్క సన్నం. అడుగున ఉండే చిన్నక్షరాలు అలుక్కుపోయినాయి. పాత డయలు గీకి మళ్ళీ రంగేసిన సరుకు, మా భాషలో రీడయలు. నేను వద్దన్నాను. సాయంత్రానికి వేరేచోట అమ్ముడుపోయింది, అదీ నేను చెప్పిన జనతా కంటే ఎక్కువ ధరకు. కొన్నాయన పెట్టెను నాలుగువైపులా తిప్పి చూసినాడంట. వాచీని తిప్పి చూసినట్టు మాత్రం నాకెవరూ చెప్పలేదు.

అట్లని తమరి గొప్ప నేను కాదనను, ఉన్నమాట చెప్పుకోవాల. సెల్‌ఫోను పెట్టె మీద ఐ.ఎం.ఇ.ఐ. నంబరు ఉంటుంది, పదిహేను అంకెలు. ఫోనులో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కి రెండూ సరిపోల్చి చూస్తే, ఆ ఫోను ఆ పెట్టెలోదేనా, ఎవరి జేబులోంచన్నా వచ్చిందా అని ఎంతోకొంత తేలుతుంది. అక్కడ తమరు సాక్షి. బొమ్మకార్ల సంగతీ అంతే. ఇంగ్లండులో లెస్నీ కంపెనీ 1953లో మొదలుపెట్టిన మ్యాచ్‌బాక్స్ కార్లకు ఆ పేరొచ్చిందే అగ్గిపెట్టెలాంటి తమరి వల్ల. పిల్లోడు కారు తీసుకొని పెట్టె చించి పారేస్తాడు, పిల్లోడంటే అంతే కదా. అందుకే అప్పటి కార్లు మిగిలినన్ని అప్పటి పెట్టెలు మిగల్లేదు. తక్కువున్నదానికి ధర ఎక్కువ, న్యాయమే. స్టాంపులోళ్ళు ఇంకో మెట్టు పైన. వాళ్ళు వాడని స్టాంపు వెనకాల జిగురు చూస్తారు. నాలిక తగలని, ఆల్బంలో అతికించని ఒరిజినల్ జిగురుంటేనే పూర్తి ధర. జిగురు పోయినదానికి కొత్త జిగురు పూసి అమ్మే ఘనులు కూడా ఉన్నారు. మనిషి బుర్ర అన్నిచోట్లా ఒకటే.

తమరి జాతకంలో ఉచ్చదశ ఎప్పుడని అడిగితే నేను 1977 అంటాను. అమెరికాలో స్టార్ వార్స్ సినిమా ఆడి, పిల్లలంతా బొమ్మల కోసం గోల. కెన్నర్ కంపెనీ క్రిస్మస్‌కు బొమ్మలు చేయలేకపోయింది. ఏం చేసింది? బొమ్మల్లేని ప్యాకెట్టు అమ్మింది. లోపల ఒక అట్ట, స్టిక్కర్లు, ఒక చీటీ. చీటీ పోస్టులో పంపితే వచ్చే సంవత్సరం నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి. పండగపూట పిల్లోడు ఆడుకున్నది తమరితోనే సామీ! ఇంకో ఘనకార్యం 2023ది. 2007లో 499 డాలర్లకు అమ్మిన నాలుగు జీబీ ఐఫోను, సీలు విప్పనిది, వేలంలో లక్షా తొంభై వేల డాలర్లకు పైన పోయింది. ఒక్కసారన్నా మోగని ఫోను. బ్యాటరీ ఉందో చచ్చిందో చూద్దామంటే సీలు చింపాల. సీలు చింపితే ధర చిరుగుతుంది. అందుకని అందులో ఏముందో ఎవరూ చూడరు, చూడకూడదు. శోభనం గదికి సీలేసి పెండ్లి బ్రహ్మాండం అన్నట్టుంది.

ఇంతకీ తమరి కడుపులో వస్తువు సుఖంగా ఉంటుందా? నా అంగడికి అప్పుడప్పుడు ‘ముప్పై ఏండ్లుగా చేతికి పెట్టనేలేదు’ అని వాచీ తెస్తారు, ఏదో వ్రతం పట్టినట్టు చెప్తారు. లోపల నూనె ఎండి జిగటైపోయి ఉంటుంది. కడక్కుండా కీ ఇచ్చి నడిపిస్తే ఇరుసులు అరుగుతాయి. రోజూ చేతికున్న వాచీ అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి నూనె పెట్టించుకొని పోయింది, పెట్టెలో పతివ్రత మాత్రం బిగుసుకుపోయింది. పాత పెట్టెల్లో స్పాంజి అయితే పొడైపోయి డయలుకు, పట్టాకు అంటుకుంటుంది. నాణేల పిచ్చోళ్ళను అడగండి, మెత్తటి పీవీసీ కవర్ల గురించి ఏడుపుతో చెప్తారు. ఏండ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్కు విరిగి, రాగి నాణెం మీద ఆకుపచ్చటి జిగురు కక్కుతుంది. కొన్ననాటి కవరే కదా అని విప్పనోళ్ళకే ఆ భాగ్యం.

నాణెమంటే గుర్తొచ్చింది. దానికి తమరి సిఫారసు అక్కర్లేదు. నాణెం మీద సంవత్సరం అంకెల కింద చూడండి: నక్షత్రం గుర్తు ఉంటే హైదరాబాదు టంకశాల, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, డైమండు ఉంటే ముంబయి, ఏమీ లేకుంటే కలకత్తా. పుట్టినూరు ఒంటిమీదే రాసుకొని తిరుగుతుంది, చిల్లర డబ్బాలో ఉన్నా సరే.

అన్నిటికంటే విచిత్రం మా జిల్లాలోనే జరుగుతుంది. తొలకరి పడినంక జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో, పక్కన అనంతపురం వైపు వజ్రకరూరులో జనం వజ్రాల కోసం వంగి నేల చూసుకుంటా తిరుగుతారు. యాడాడి నుంచో సద్దిమూటలు కట్టుకొని వస్తారు. అదృష్టముంటే ఒక రాయి దొరుకుతుంది. వ్యాపారి బరువు చూస్తాడు, రంగు చూస్తాడు, లోపల మచ్చ చూస్తాడు, బేరమాడతాడు, కాగితం పొట్లంలో కట్టుకొని పోతాడు. “దీని ఒరిజినల్ మట్టి యాడుందప్పా?” అని ఇంతవరకు ఏ వ్యాపారీ అడిగినట్టు నేను వినలేదు. వాళ్ళకు తమరి పరిచయం లేదు, అదే కారణం.

ఇప్పుడు తమరికి కూడా తొడుగులు వచ్చినాయి. పెట్టె నలక్కుండా పెట్టెకు ప్లాస్టిక్కు పెట్టె. ఖరీదైన వాచీలకైతే లోపలి పెట్టె, దానిమీద బయటి పెట్టె, రెండూ ఉంటేనే పూర్తి ధర. ఈ లెక్కన తమరి తొడుగుకు బిల్లు అడిగే రోజు దూరం లేదనుకుంటా ఉన్నాను.

ఆ రోజు నిన్ననే వచ్చింది. నా దగ్గర ఒక పెట్టె ఉంది, అందులోని వాచీ ఎప్పుడో పోయింది. ఆ ఇంటి అవ్వ అందులో కమ్మలు పెట్టుకుంటా ఉండె, కొత్త డబ్బా వచ్చిందని నాకిచ్చింది. ఒక పిల్లోడు వాచీ పట్టుకొని వచ్చి, “పెట్టె ఎంతన్నా?” అన్నాడు. ఎనిమిది వందలన్నాను. వెలుగులో పెట్టి చూసినాడు, మూత తీసి వాసన చూసినాడు, గోటితో మూల గీకినాడు.

“బాగుందన్నా. ఇది ఒరిజినల్ పెట్టేనని ఏమన్నా కాగితముందా?”

కావున తమరు దయచేసి తమరి ఒరిజినాలిటీకి తమరే ఒక సర్టిఫికెట్టు రాసి, చేవ్రాలు చేసి, మంచి పెట్టెలో పెట్టి పంపగలరు. పిల్లోడు శనివారం వస్తానన్నాడు. బేరమైతే ఏడు వందలకు దిగుతాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒట్టి వాచీల అంగడివాడు,
కర్నూలు