పార్కులో దుప్పటి: ఒక శాంతిభద్రతల సమస్య

అమెరికాలో ఓరెగన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అని చిన్న ఊరుంది. జనాభా సుమారు 38,000. అక్కడి పార్కులో దుప్పటి పరుచుకుని మేఘాలు చూస్తే మీరు సందర్శకులు. పోవడానికి ఇల్లు లేక అదే దుప్పటి కప్పుకుంటే మీ మీద కేసు. 2024 తీర్పు నాటికి అక్కడి నిబంధన ఇదీ.

ఈ నిబంధన రాజ్యాంగం నిషేధించిన క్రూరమైన శిక్ష కిందికి రాదని 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో తేల్చింది. ఇల్లున్నా లేకున్నా చట్టం ఒక్కటేనట. నిజమే, ఇల్లున్నవాళ్లు ఈ చట్టాన్ని ఎంత క్రమశిక్షణతో పాటిస్తున్నారో! రాత్రయితే ఒక్కరూ పార్కులో కనపడరు. నిద్ర శరీరానికి అవసరం, నేరం కాదని జస్టిస్ సోటొమేయర్ తీర్పుతో విభేదిస్తూ రాశారు. అది వైద్యుల గొడవ, మనకెందుకు?

అప్పటి జరిమానా 295 డాలర్లు. కట్టకపోతే 537 డాలర్ల 60 సెంట్లు. 295 లేనివాడి దగ్గర 537 తప్పక ఉంటాయని ధీమా కాబోలు. ఆ 60 సెంట్లు చూడండి, పాలనాదక్షత అంటే అదీ! పదేపదే దొరికితే పార్కులోకి రావద్దని ఉత్తర్వు. అయినా వస్తే 30 రోజుల వరకు జైలు, 1,250 డాలర్ల వరకు జరిమానా. అంటే, చివరికి తలమీద కప్పు దొరుకుతుంది. నగరం ఏమీ చేయడం లేదని ఎవరన్నారు?

ఇంత సాఫీగా నడిచే పనికి సామాజిక కార్యకర్తలు అడ్డుపడతారు. ఇల్లు లేని మనిషికి కోర్టు నోటీసు ఏ అడ్రస్‌కు పంపారని నిలదీస్తారు. నోటీసు అందక వాయిదాకు రాలేదు, అందుకే వారెంట్ వచ్చిందని వాదిస్తారు. పోయిన గుర్తింపు కార్డు మళ్లీ తీయించడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. అద్దె ఇల్లు అడిగితే ఓనరు పాత రికార్డు తీస్తాడు, పార్కు కేసు బయటపడుతుంది, ఇల్లు రాదు, మనిషి మళ్లీ పార్కుకే చేరతాడు, ఇదంతా నగరానికి వివరిస్తారు. నగరానికి తెలియదా? కేసు పెట్టింది అదే కదా.

జైలు నుంచి వదిలేటప్పుడు ఉండటానికి చోటు చూపించకపోతే మళ్లీ జైలుకే వస్తాడని కూడా వాళ్ల వాదన. రానివ్వండి, అక్కడ మంచం ఉంది.

పైగా ఫిన్లాండ్ ఉదాహరణ. అక్కడ 2008 నుంచి, ముందు ఇల్లిచ్చి మిగతా సంగతులు తర్వాత చూస్తున్నారట, వీధిన పడ్డవాళ్లు తగ్గారట. ఇల్లు లేనివాళ్లకు ఇల్లివ్వడం! ఇంత మొరటు పరిష్కారమైతే ఇక కమిటీలెందుకు, లాయర్లెందుకు, మాలాంటి కాలమిస్టులెందుకు?