గోదావరికి సంజాయిషీ నోటీసు

గోదావరి మీద నాకు కక్షేమీ లేదు. ఫైలు తిరగేస్తుంటే కంటపడిన లోపాలు రాస్తున్నానంతే.

పుట్టింది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో, బ్రహ్మగిరి కొండ మీద. అక్కణ్నుంచి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లు. మహా అయితే ఒక రోజు పని. ఈవిడ మాత్రం దానికి వీపు తిప్పి, 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ ప్రయాణ భత్యం బిల్లు ఏ ఆడిటర్ పాస్ చేస్తాడు? పీఠభూమి తూర్పుకి వాలి ఉందని భూగోళం మేష్టార్లు వెనకేసుకొస్తారు. మన ఆఫీసుల్లో ఫైళ్లు వాలు చూసి కదులుతాయా? బరువు పెడితేనే కదా.

దారిలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలుస్తాయి. నీళ్లు వాళ్లవి, పేరు ఈవిడది. రాజకీయాలకు పనికొచ్చే గుణం ఇదొక్కటే కనిపించింది.

క్రమశిక్షణ సంగతి చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఉద్యోగికైతే మూడో మెమోతో ఇంటికే. 1986లో ఈవిడ 75 అడుగులు దాటింది. చర్య ఏదని విచారిస్తే, ఆ హెచ్చరికలు నదికి కాదట, జనానికట! తప్పు ఒకరిది, మెమో ఇంకొకరికి. పోనీలెండి, అలవాటైన పద్ధతే.

1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి కాస్త దారిలో పెట్టాడు. అది దాటగానే మళ్లీ గౌతమి, వశిష్ఠ అంటూ పాయలు. అసలు నేరం ఇక్కడే. వేల టీఎంసీలు వృథాగా సముద్రం పాలు చేస్తోందని ఏ సభలో విన్నా ఇదే మాట. ఆ వృథా ఎలా ఉంటుందో చూద్దామని అంతర్వేది వెళ్లాను. వశిష్ఠ ఒడ్డున అడుగేస్తే మడమ దాకా దిగబడింది. మెత్తటి ఒండ్రు, వేళ్ల సందుల్లోంచి వెన్నలా పైకొచ్చింది. ఎక్కడెక్కడి కొండలో అరగదీసుకుని ఇంత దూరం మోసుకొచ్చిన మట్టి. కొబ్బరి తోటలతో సహా కోనసీమంతా ఇలా ‘వృథా’ అయిన సరుకేనని పడవ మీది పెద్దాయన చెప్పాడు. అనుమతి లేని నిర్మాణం అని రాసుకున్నాను.

ఇప్పుడు ఆ మట్టిలో చాలా భాగం పైన ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. ఆ మేరకు పొదుపు. కొన్నిచోట్ల సముద్రం తీరాన్ని కోసుకుంటూ తోటల్లోకి వస్తోందని పెద్దాయన ఏదో అనబోయాడు. తీరం కోత వేరే సెక్షన్ వాళ్లు చూస్తారండీ, నా ఫైలు నీళ్ల వరకే అన్నాను.