15 రోజుల్లో క్రేన్ లైసెన్స్ రాదు: ఆ మెసేజ్ నమ్మి డబ్బు కట్టకండి

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "15 రోజుల ట్రైనింగ్‌తో క్రేన్ ఆపరేటర్ లైసెన్స్. అన్ని క్రేన్లకూ, అన్ని దేశాలకూ అదే చెల్లుతుంది. ఇప్పుడంతా కంప్యూటరే, జాయ్‌స్టిక్ కదిపితే చాలు. 2 లక్షలు కడితే గల్ఫ్ వీసా." ఇందులో ఒక్కటీ నిలబడదు.

ముందు లైసెన్స్ సంగతి. మన దేశంలో డ్రైవింగ్ లైసెన్స్ లాగా అన్ని క్రేన్లకూ కలిపి ఇచ్చే ఒకే లైసెన్స్ లేదు. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేది ట్రైనింగ్ సర్టిఫికెట్ మాత్రమే. మొబైల్ క్రేన్‌ను రోడ్డెక్కించాలంటే ఆర్టీఓ లైసెన్స్ వేరే ఉండాలి. సైట్‌లో సీటెక్కాలంటే కేంద్రం 1998లో తెచ్చిన భవన నిర్మాణ కార్మికుల నిబంధనలు 18 ఏళ్లు నిండాలన్నాయి, పనిలో సమర్థత ఉండాలన్నాయి, ఎప్పటికప్పుడు వైద్య పరీక్ష జరగాలన్నాయి. ఆ సమర్థత హెల్పర్‌గానో రిగ్గర్‌గానో (లోడ్‌ను కట్టి హుక్‌కు తగిలించేవాడు) చేరి, సీనియర్ ఆపరేటర్ పక్కన నెలల తరబడి పనిచేస్తే వస్తుంది.

అన్ని క్రేన్లకూ ఒకటే అన్నది ఇంకా పెద్ద అబద్ధం. హైడ్రా (లోడ్ ఎత్తుకుని చక్రాల మీద కదిలే చిన్న క్రేన్) నడిపినంత మాత్రాన టవర్ క్రేన్ రాదు. అమెరికాలో సర్టిఫికెట్ క్రేన్ రకాన్ని బట్టి ఇస్తారు. సింగపూర్‌లో అక్కడి కార్మిక శాఖ దగ్గర రిజిస్టర్ అవ్వాలి. సౌదీ అరామ్‌కో పనులకు వాళ్ల నిబంధనల ప్రకారం మళ్లీ పరీక్ష పాసవ్వాలి.

ఇక కంప్యూటర్. నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట ఇదే. 50 టన్నుల క్రేన్ ఎప్పుడూ 50 టన్నులు ఎత్తదు. అది లోడ్ క్రేన్‌కు బాగా దగ్గరగా, బూమ్ (క్రేన్ పొడవాటి చెయ్యి) చాపకుండా ఉన్నప్పటి లెక్క. 20 మీటర్ల రేడియస్‌కు, అంటే క్రేన్ మధ్య నుంచి లోడ్‌కు అంత దూరానికి వెళ్తే, చాలా మోడళ్లలో సుమారు పదో వంతుకు పడిపోతుంది. అందులోనే హుక్ బ్లాక్, స్లింగుల (లోడ్ కట్టే తాళ్లు, బెల్టులు) బరువూ తీసేయాలి. ఇదంతా లోడ్ చార్ట్‌లో ఉంటుంది, అది చదవడం రావాలి. క్యాబిన్‌లోని లోడ్ ఇండికేటర్ ఓవర్‌లోడ్ అయితే మోగుతుంది, నిజమే. కానీ ఔట్‌రిగ్గర్ (క్రేన్ ఒరగకుండా పక్కలకు చాపి నేలకు ఆనించే జాక్ కాలు) కింద నిన్ననే పూడ్చిన కేబుల్ గుంత ఉందని దానికి తెలియదు. లోడ్ గాల్లో ఉండగా ఆ జాక్ కాస్త దిగబడినా బూమ్ పక్కకు వాలి రేడియస్ పెరిగిపోతుంది. అలారం మోగేసరికి ఆలస్యమైపోవచ్చు. దిగి చుట్టూ తిరిగి నేల చూసుకుని, కింద చెక్క దిమ్మెలు సరిగ్గా వేయించుకోవాల్సింది ఆపరేటరే. నేల నచ్చకపోతే ఇంజనీరు తొందరపెట్టినా ఎత్తనని చెప్పగలగాలి. కింద నిలబడేది మన తోటి కూలీలే.

2 లక్షల వీసా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రిజిస్టర్డ్ ఏజెంట్ చట్టప్రకారం తీసుకోగల సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా రూ.30,000, దానిపై జీఎస్టీ. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రాలో ఓంక్యాప్ అనే, విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోండి. నంబరు చెప్పనివాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.