సవరణ: బొలీవియా ఎత్తైన ఎడారి దారిలో నీళ్ల ఫిల్టర్ గురించి

ఉయుని ఉప్పు మైదానం దాటాక దక్షిణంగా చిలీ సరిహద్దు దాకా సైకిల్ మీద వెళ్లేవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో "హాలో ఫైబర్ ఫిల్టర్ ఒకటి ఉంటే చాలు, ఏ నీళ్లయినా తాగొచ్చు" అని రాశాను. అది తప్పు.

లోపల సన్నటి బోలు గొట్టాల గుండా నీళ్లని వడకట్టే ఆ రకం ఫిల్టర్ బ్యాక్టీరియానీ, జియార్డియా లాంటి పరాన్నజీవులనీ ఆపుతుంది, అంతే. నీళ్లలో కరిగిన ఉప్పు, బోరాక్స్, ఆర్సెనిక్ హాయిగా సీసాలోకి దిగిపోతాయి. అంటే లగూనా కొలరాడా, లగూనా వెర్దె లాంటి సరస్సుల నీళ్లు ఎంత వడకట్టినా తాగడానికి పనికిరావు, మంచినీళ్లు మోసుకెళ్లాల్సిందే, బరువు గురించి ఎంత గొణుక్కున్నా సరే.

ఇంకోటి, నేను అసలు ప్రస్తావించనిది. 4,000 మీటర్లు దాటిన ఆ ఎత్తులో రాత్రిళ్లు సీసాలో నీళ్లు గడ్డకడతాయి. తడిగా ఉన్న ఫిల్టర్ గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు చిట్లిపోతాయి, కానీ పైకి ఏమీ కనపడదు, పొద్దున ఫిల్టర్ తగిలించిన నీళ్ల సంచిని పిండితే నీళ్లు మామూలుగానే వస్తాయి. అసలు ప్రమాదం అదే. అలా గడ్డకట్టిందని అనుమానం వచ్చినా పారేయమని తయారీదారుల సూచనల కాగితాల్లోనే ఉంటుంది. అందుకే రాత్రి ఫిల్టర్ని కవర్లో చుట్టి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి.

అంత ఎత్తులో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కదా, క్రిములు చస్తాయా అని కొందరు అడిగారు. చస్తాయి. 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు తెర్లనివ్వమని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సలహా. ఉప్పు మాత్రం మరిగించినా పోదు.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.